అందరూ కట్టిన మా వేషం

మా పక్క ఊర్లో గంగజాతరకు శ్రీనివాస కల్యాణం నాటకం ఆడించేవాళ్లు. అర్ధరాత్రి దాటినాక ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. మద్దెల ఒక్కసారిగా జోరందుకుంటుంది. తెర దించేసరికి ఎరుకలసాని నిలబడి ఉంటుంది. కట్టింది మగాయనే. ముఖానికి మసి, నోటినిండా ఆకువక్క, చంకన బుట్ట, చేతిలో కర్ర. నడుము తిప్పుకుంటూ, ముక్కుతో మాట్లాడుతూ వస్తుంది. బపూన్ ఎదురొచ్చి, "ఏం మే, రాత్రి ఎవురింట్లో కన్నమేసి వొస్తా ఉండావు?" అంటాడు. జనం గొల్లుమంటారు. అట్లా నవ్వుతూ నవ్వుతూ తలలు తిప్పి మా వైపు చూస్తారు.

మేము కానుగచెట్టు కింద, అందరికన్నా వెనక, మా చాపలు మేమే తెచ్చుకుని కూర్చునేవాళ్లం. పిల్లలం కాబట్టి మేమూ నవ్వేవాళ్లం. మా నాయనలు మాత్రం సరిగ్గా ఆ వేషం వచ్చే వేళకు బీడీ కాల్చుకోవడానికని లేచి చీకట్లోకి పోయేవాళ్లు. ఎందుకు పోయేవాళ్లో మాకు ముప్పై ఏళ్లు దాటినాక గాని అర్థం కాలేదు.

మేము అంటే ఒక ఎరుకల వాడలో పుట్టిన పదిమందిమి. పుత్తూరు నుంచి నారాయణవనం పోయే వైపు మా వాడ. మాలో ముగ్గురం బడిపంతుళ్లం, ఒకరు అంగన్‌వాడీ కార్యకర్త, ఇద్దరు ఇంకా ఈత బరిగెలతో బుట్టలు అల్లుతున్నారు, మిగిలినవాళ్లు కూలికీ ఆటోకీ పోతున్నారు. ఇది పదిమందిమీ కూర్చుని మాట్లాడుకుని రాసింది. ఒకరు చెప్పిన మాటకు ఇంకొకరు అడ్డం పడిన చోట్లు ఇందులో ఉన్నాయి. వాటిని అట్లాగే వదిలేశాం.

నారాయణవనం పేరు చెప్పినాం కాబట్టి అక్కడి కథతోనే మొదలుపెడతాం. మన జిల్లాలో ఈ కథ తెలియని ఇల్లు ఉండదు. (2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలై నారాయణవనం తిరుపతి జిల్లాలోకి పోయింది. మాకు ఇంకా నోరు తిరగలేదు.) ఆకాశరాజు కూతురు పద్మావతిని శ్రీనివాసుడు ఇష్టపడతాడు. పెండ్లి మాట కదలాలి. అప్పుడు ఏడుకొండలవాడు ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం కోటకు పోయి, రాణి ధరణీదేవికి ఎరుక చెబుతాడు. నీ బిడ్డ మనసులో ఫలానా ఆయన ఉన్నాడు, ఆయనకిచ్చి చెయ్యి అంటాడు. రాణి నమ్ముతుంది. పెండ్లి అవుతుంది.

కాస్త ఆలోచించండి. దేవుడికి తన పెండ్లి తాను కుదుర్చుకోవడానికి ఎన్ని వేషాలు లేవు? ముని వేషం ఉంది, రాజు వేషం ఉంది. ఆయన మా అవ్వ వేషం ఎంచుకున్నాడు. ఎందుకంటే రాణివాసం దాకా అడ్డు లేకుండా పోయి, ఆడమనిషి చెయ్యి పట్టుకుని, మనసులో ఉన్నది బయటికి తీసి, తల్లిని ఒప్పించగల మనిషి ఎరుకలసాని ఒక్కతే. కథ రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. వేషం కట్టినవాళ్లు మరిచిపోయినారు.

మాట కూడా అట్లాగే పాడయింది. తెలుగులో ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. ఎరుక గల మనిషి అంటే పెద్ద గౌరవం. మా అవ్వలు చెప్పేదాన్ని ఎరుక అంటారు, సోది అని కూడా అంటారు. ఈ రెండో మాటను ఇప్పుడు ఎక్కడ వాడుతున్నారో చూడండి. క్లాసులో పిల్లవాడు ఎక్కువ మాట్లాడితే "సోది ఆపరా" అంటాం. సినిమా బాగలేకపోతే "ఒకటే సోది" అంటాం. మా ముగ్గురు పంతుళ్లమూ క్లాసుల్లో ఈ మాట ఎన్నోసార్లు వాడినవాళ్లమే. మా అవ్వ విద్య పేరు పనికిమాలిన మాటకు పేరయిందని మాకే తట్టలేదంటే, ఇక వేరేవాళ్లను ఏమని అడగాలి?

రంగస్థలం మీద మనం లేని చోటు లేదు, అదే విచిత్రం. భారతంలో అర్జునుడు తపస్సు మాను ఎక్కి కూర్చుంటే, కింద బిడ్డల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. ఆయనను పరీక్ష చెయ్యడానికి శివుడు వచ్చేది కిరాతుడిగా. పాత తెలుగులో ఆ కిరాతుణ్ని ఎఱుకు అన్నారు. తమిళ తెరుక్కూత్తులో ద్రౌపది కురవంజి అని ఒక ఆటే ఉంది. అందులో ద్రౌపది ఎరుక చెప్పే కురవ ఆడమనిషిగా వేషం మార్చుకుంటుంది. కురవవాళ్లు, మనం వేరువేరు కాదని మా పెద్దలంటారు. మన మాట కూడా తమిళానికి దగ్గరిదే. శ్రీకాళహస్తిలో తిన్నడున్నాడు, ఉడుమూరు వేటగాడు. ధూర్జటి ఆయన కథ రాశాడు, నాటకాలు వచ్చాయి, 1954లో ఒకసారి, 1976లో ఒకసారి తెలుగు సినిమాలు వచ్చాయి. శివరాత్రి బ్రహ్మోత్సవాలకు శ్రీకాళహస్తిలో ముందు జెండా ఎక్కేది కన్నప్ప కొండ మీదనే, దేవుడికి ఆ తర్వాతే. బోయలు ఆయన మావాడంటారు, యానాదులు, చెంచులు, మనవాళ్లు కూడా మావాడే అంటారు. ఆ తగువు మేము తీర్చలేం. ఎవరివాడైనా అడవి మనిషే.

ఇన్ని వేషాలున్నాయి. ఆ వేషాలు కట్టేవాళ్లలో మన మనిషి ఒక్కడు లేడు. అర్దళం నూరి, ముఖానికి పూసుకుని, భుజకీర్తులు కట్టుకునే ఆ పందిట్లోకి మా తాతలను రానిచ్చిందీ లేదు. బుట్టలు కావాలంటే మాత్రం మా ఇంటికి మనిషి వచ్చేవాడు. ఎరుకలసాని చంకలో ఉండే బుట్ట మా అవ్వ అల్లిందే.

ఇదంతా మేము పట్టించుకోవడానికి ఒక కారణం ఉంది. మాలో ఒకరి కూతురు ఏడో తరగతి చదివేది. బడి వార్షికోత్సవానికి శ్రీనివాస కల్యాణంలో ఒక ఘట్టం వేయిస్తామన్నారు. బిడ్డ పద్మావతి మాటలన్నీ నోటికి నేర్చుకుంది. గొంతు మంచిది. ఇంట్లో దుప్పటి కొంగు కట్టుకుని తిరుగుతూ చెప్పేది. వేషాలు పంచిన రోజున, "మీ పిల్లయితే ఎరుకలసానికి సహజంగా ఉంటుంది" అన్నారు. అన్న మనిషి చెడ్డమనిషి కాదు. మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు. పద్మావతి వేషం ఇంకో బిడ్డకు పోయింది. ఆ బిడ్డ మాటలు మరిచిపోతే వెనకనుంచి అందించింది మా పిల్లే.

అది సరే అనుకున్నాం. ఆ రోజు సాయంత్రం రంగు పూసేటాయన వచ్చినాడు. మా బిడ్డ ముఖం అటుతిప్పి ఇటుతిప్పి చూసి, "ఎరుకలదానికి ఈ రంగు చాలదు, ఇంకా నలుపు కావల్ల" అని మసి పూసినాడు. ఎరుకల బిడ్డకు ఎరుకల రంగు చాలలేదు!

ఇంటికొచ్చి సబ్బుతో, కొబ్బరినూనెతో, మళ్లీ సబ్బుతో కడుక్కుంది. ఏడవలేదు. అది ఏడ్చి ఉంటే బాగుండేదని వాళ్లమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ తర్వాత రోజునుంచి అవ్వతో కలిసి బస్టాండుకు నడవడం మానేసింది. అవ్వ బుట్ట తీసుకుని ముందు పోతే, ఇది ఇరవై అడుగులు వెనక, ఎవరో తెలియని మనిషిలా.

అవ్వకు కండ్లు సరిగా కనబడవు గాని అది మాత్రం కనబడింది. "నా పక్కన నడిస్తే దానికి నామర్దాగా ఉండాదే?" అని అడిగింది. మేము ఏమీ చెప్పలేకపోయినాం.

ఆ దినాల్లో మాలో ఒక పంతులు ఎక్కడో చదివిన సంగతి చెప్పినాడు. అమెరికాలో వందేళ్లకు పైగా తెల్లవాళ్లు ముఖానికి కాల్చిన బెండు మసి పూసుకుని, పెదవులు పెద్దవిగా గీసుకుని, నల్లవాళ్ల మాదిరి ఎగిరి నవ్వించేవాళ్లు. ఆ ఆటలకు జనం విరగబడేవాళ్లు. బెర్ట్ విలియమ్స్ అని ఒక నటుడు ఉండేవాడు. ఆయన నల్లవాడే. 1910లో న్యూయార్క్‌లో జీగ్‌ఫెల్డ్ ఫోలీస్ అనే పెద్ద కంపెనీలో చేరినాడు. తెల్లనటుల మధ్య పేరు తెచ్చుకున్నాడు. ఆయన కూడా వేదిక ఎక్కేటప్పుడు ముఖానికి మసి పూసుకోవాల్సిందే. నల్లవాడికి నలుపు చాలలేదన్నమాట. ఇది విన్న రోజు మా బిడ్డ తండ్రి లేచి బయటికి పోయినాడు, బీడీ కాల్చుకోవడానికి. వాళ్ల నాయన పోయినట్టే.

అదే దేశంలో 1996లో ఆగస్ట్ విల్సన్ అనే నల్లజాతి నాటకకర్త నాటకరంగం వాళ్లందరి సభలో నిలబడి, మా కథలు మేము చెప్పుకునే నాటకశాలలు మాకు కావాలని అడిగినాడు. నల్లనటులకు తెల్లవాళ్ల నాటకాల్లో వేషాలు ఇస్తే సరిపోతుందంటే ఆయన ఒప్పుకోలేదు. దాని మీద పెద్ద వాదన నడిచింది. మాలోనూ సరిగ్గా ఆ వాదనే నడిచింది, చింతచెట్టు కింద. బిడ్డకు పద్మావతి వేషం ఇప్పించాలా, లేక మన నాటకం మనం కట్టుకోవాలా? రెండూ కావాలని కొందరు. ముందు ఆ ఎరుకల వేషమే ఆపించాలి, స్టేషన్‌కు పోదాం, ఎస్సీ ఎస్టీ చట్టం ఉంది కదా అని కుర్రాళ్లు. నవ్వితే నవ్వనీలే, రేపు బుట్టలు ఎవరు కొంటారని పెద్దవాళ్లు.

కుర్రాళ్ల కోపం ఊరికే వచ్చింది కాదు. "కన్నం వేసి వస్తివా" అనే ఆ ఒక్క మాట వెనక ఒక చట్టం ఉంది. 1871లో ఇంగ్లీషువాళ్లు కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులని రాశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. మన చిత్తూరు అప్పుడు అందులోనే ఉంది. ఎరుకలవాళ్లు ఆ పట్టీలోకి పోయినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అట్లా పుట్టిందే. మా అవ్వ వాళ్ల నాయన రాత్రిపూట ఠాణాకు పోయి హాజరు వేయించుకుని వచ్చేవాడట. ఊరుదాటాలంటే చీటీ కావాలట. స్వాతంత్ర్యం వచ్చినాక, 1952 ఆగస్టు 31న, దేశమంతటా ఆ పట్టీ కొట్టేశారు. కాగితం మీదినుంచి పోయింది. బపూన్ నోట్లోనుంచి పోలేదు. మొన్నమొన్న 2023లో స్టువర్టుపురం కథతో ఒక సినిమా వస్తుంటే మనవాళ్లు కోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

అహ్మదాబాద్‌లో ఛారానగర్ అని ఒక పేట ఉంది. అక్కడి ఛారావాళ్లదీ మన రాతే, వాళ్లూ ఆ పట్టీలోనివాళ్లే. 1998 ఫిబ్రవరిలో పశ్చిమ బెంగాల్ పురూలియాలో బుధన్ సబర్ అనే గిరిజనుడు పోలీసుల చేతిలో చనిపోయినాడు. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవి ఆ అన్యాయాన్ని పట్టుకుని కోర్టులో పోరాడారు. అదే ఏడాది ఛారానగర్ పిల్లలు ఆ బుధన్ కథనే నాటకం కట్టి ఆడారు. వాళ్ల బృందం పేరే బుధన్ థియేటర్ అయింది. దొంగలని పేరుపడిన పేటలో నాటకం పుట్టి, దేశమంతా తిరిగింది. మా కుర్రాళ్లకు ఈ సంగతి బాగా ఎక్కింది. కేసు మాట కాస్త వెనక్కి పోయింది.

అప్పుడు అవ్వ ఒక మాట అంది. "ఆ ఏసం కట్టేటాయన్ని ఒగసారి నాకాడికి పిల్చకరాండి. ఎట్ల కడతాడో నేను చూడల్ల."

ఆ వేషం కట్టేది పక్క ఊరి అయివోరు. మా వైపు నాటకం నేర్పే గురువును అట్లాగే పిలుస్తాం. అరవై దాటినవాడు. ధర్మరాజు కడతాడు, దుర్యోధనుడు కడతాడు, ఎరుకలసానీ ఆయనే. మేము పోయి అడిగితే ముఖం మాడ్చుకున్నాడు. గొడవకు పిలుస్తున్నామని భయపడినాడు. రెండు వారాలు రేపు మాపు అని, చివరికి ఒక ఆదివారం ఒక్కడే వచ్చినాడు.

అవ్వ మంచం మీద కూర్చుంది. ఆయనకు కుర్చీ వేసినాం. మా కోడలు టీ తెచ్చింది. అందరం ఆ గ్లాసు వైపే చూస్తున్నాం. మా ఇండ్లలో ఊర్లోవాళ్లు నీళ్లు కూడా ముట్టరు. ఆయన గ్లాసు అందుకుని గుటగుటా తాగి, "ఇంగ రోంత పొయ్యమ్మా" అన్నాడు.

"ఏం నాయినా," అంది అవ్వ, "నువ్వు ఎరుకలోళ్ల ఏసం కడతావంట. బుట్ట ఏ చంకన పెడతావు?"

ఆయన లేచి చూపించినాడు.

"అట్ల పెడితే కర్ర ఏ చేత్తో పట్టుకుంటావు? బిడ్డ ఉంటే యాడ కట్టుకుంటావు? నా తల్లి నన్ను ఈపున కట్టుకోని కాళాస్తి దాకా నడిచింది. నువ్వు నడుం తిప్పుకుంటా నడిస్తే రెండూళ్లు కూడా పోలేవు నాయినా."

మేము బిగుసుకుపోయినాం. ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు. "పెద్దమ్మా, నాకు మా అయివోరు ఇట్లే నేర్పించినాడు. ఆయనకు వాళ్ల అయివోరు. మీ ఇంటికొచ్చి ఎవురూ అడగలేదు. నేనూ అడగలేదు. తప్పే."

తర్వాత ఆయన తన సంగతి చెప్పినాడు. ఆయన మాలవాడు. ఇది మాకు తెలియంది కాదు, ఎప్పుడూ ఆలోచించలేదంతే. పద్దెనిమిది దినాలు కిరీటం పెట్టుకుని ధర్మరాజుగా నిలబడితే పెద్ద పెద్ద రైతులు వచ్చి కాళ్లకు మొక్కుతారు. పిల్లలను తెచ్చి చేతుల్లో పెడతారు. దుర్యోధన వధ అయి, అగ్నిగుండం తొక్కడం అయి, ముఖం కడుక్కున్న మరుసటి పొద్దున, అదే ఊర్లో టీ అంగట్లో ఆయనకు వేరే గ్లాసు ఉండేదట. "రంగు ఉన్నంతసేపే నేను ధర్మరాజును పెద్దమ్మా. ఇప్పుడు కాగితం గ్లాసులొచ్చి ఆ బాధ తప్పింది" అన్నాడు. కాగితం గ్లాసు తెచ్చిన సమానత్వం అది!

మరి ఇంత తెలిసినవాడు మమ్మల్ని చూసి జనం నవ్వుతుంటే ఎట్లా ఊరుకున్నాడు? మాలో ఒకడు నోరు జారి అడిగేసినాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మీరంటే మాకూ చులకనే ఉన్నింది. పందులు మేపుకునేటోళ్లు అనుకుంటిమి. అబద్ధమేంటికి చెప్పల్ల" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. దాంతోపాటు ఇంకోటి కూడా. ఆయన అడగలేదు గాని, మేమూ అబద్ధం చెప్పకూడదు కదా. మా వాడకు అటుపక్క చెరువుగట్టు కింద యానాదుల గుడిసెలున్నాయి. చేపలు పట్టుకుని, తోటలకు కాపలా ఉండి బతుకుతారు. మేము నాటకం కట్టాలని చింతచెట్టు కింద వారాల తరబడి కొట్లాడుకున్నాం. ఆ గుడిసెల నుంచి ఒక్క మనిషిని పిలవలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు. మా పెండ్లిళ్లలో వాళ్లను ఎక్కడ కూర్చోబెడతామో ఇక్కడ రాయలేకపోతున్నాం.

అయివోరు ఆ తర్వాత నాలుగైదుసార్లు వచ్చినాడు. అవ్వ నేర్పించింది. బుట్ట ఎట్లా దించాలి, చేటలో బియ్యం ఎట్లా పరచాలి, అడిగే మనిషి చెయ్యి బియ్యం మీద ఎట్లా పెట్టించాలి, కర్ర ఆ చేతికి ఎప్పుడు తాకించాలి. ఎరుకలసాని మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ అని అవ్వ పదేపదే చెప్పేది. ఎదుటి మనిషి ఊపిరి మారేది చూడాలట. ముందు కొల్లాపురమ్మను తలుచుకోవాలి, తర్వాత కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, బెజవాడ కనకదుర్గను. ఆ తలిచే వరస గానీ రాగం గానీ తప్పితే కర్రతో ఒకటి వేసేది. ఆయన అరవై ఏళ్ల మనిషి, వేయించుకునేవాడు.

ఒకదాన్ని మాత్రం చెప్పనంది. నిజంగా ఎరుక చెప్పేటప్పుడు తల్లి పలికే మాటలు కొన్నుంటాయి. అవి ఆటలో చెప్పేవి కావని తేల్చేసింది. మాలో చదువుకున్నవాళ్లం, "అవ్వా, నీతోపాటే పోతాయి, కనీసం రాసుకుంటాం, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో గిరిజనుల విద్యల మీద చదివేవాళ్లున్నారు" అని బతిమాలినాం. "పోతే పోనీ. నా మనవరాలు అడిగితే దానికి చెప్తా. కాగితానికి చెప్పను" అంది. మేము ఇప్పటికీ రెండు పక్షాలుగానే ఉన్నాం. రాసి పెట్టుకోవాలని సగంమంది, అవ్వ మాటే చెల్లాలని సగంమంది.

ఆ ఏడాది జాతరకు శ్రీనివాస కల్యాణం ఆడినారు. ఎరుకలసాని వచ్చింది. ముఖానికి మసి లేదు, ఆయన రంగే ఆయనకుంది. నడుము తిప్పలేదు. అలిసిన మనిషిలా నడిచి వచ్చి, బుట్ట దించి, ధరణీదేవి ముఖంలోకి చాలాసేపు చూసింది. బపూన్ కన్నం మాట ఎత్తలేదు. జనం మొదట నవ్వుకోసం చూసినారు. నవ్వు రాకపోయేసరికి ముందు వరసలో ఒకరిద్దరు ఈలలు వేసినారు. తర్వాత ఎప్పుడో సద్దు అణిగింది. అర్ధరాత్రి దాటినాక రెండువందల మంది కదలకుండా కూర్చోవడం మేమెప్పుడూ చూడలేదు. మా నాయనల్లో ఇద్దరే మిగిలి ఉన్నారు. ఇద్దరూ లేవలేదు.

అందరికీ నచ్చిందని చెప్పలేం. తెల్లారి ఊర్లో పెద్దమనిషి ఒకాయన అయివోరిని పట్టుకుని, "ఏందబ్బా, నవ్వే లేకుండా చేసినావు, నిద్రొచ్చింది" అన్నాడు. వచ్చే ఏడాది వేరే బృందాన్ని పిలుస్తామన్నారు, పిలిచినారు కూడా. ఆ బృందం పాత పద్ధతిలోనే ఆడింది. అయివోరికి ఒక ఆట పోయింది. ఆ నష్టం మా వల్ల వచ్చింది. ఆయన ఒకసారి కూడా ఎత్తలేదు గాని మాకు తెలుసు.

ఇది చదివే పంతుళ్లకు రెండు మాటలు. ఆగస్టు తొమ్మిదిన ఆదివాసీ దినం వస్తుంది. బడిలో పిల్లలకు ఆకులు చుట్టి, తలకు ఈకలు గుచ్చి, బాణాలిచ్చి, హుయ్ హుయ్ అని ఎగిరిస్తాం. మన జిల్లాల్లో ఏ యానాది, ఏ ఎరుకల, ఏ సుగాలి ఈకలు పెట్టుకున్నాడు? ఆ వేషం సినిమాలోనిది. ఆ రోజు సుగాలి బిడ్డను వాళ్ల జేజి అద్దాల రవికె గురించి అడగండి, యానాది బిడ్డను వల ఎట్లా విసరాలో అడగండి. వార్షికోత్సవానికి వేషాలు పంచేటప్పుడు ఎవరి గొంతు బాగుందో చూడండి, ఎవరికి మాటలు వచ్చాయో చూడండి. "సహజంగా ఉంటుంది" అనే మాట నోటికొస్తే ఒక్క క్షణం ఆగండి. మేమూ పంతుళ్లమే. మా నోటికీ వచ్చిన మాటే అది.

ఇప్పుడు మా వాడలో ఒక చిన్న బృందం ఉంది. వారానికి ఒకసారి బడి వరండాలో కూర్చుంటాం. అయివోరే నేర్పిస్తున్నాడు. చెరువుగట్టు కిందినుంచి నలుగురు యానాది పిల్లలు వస్తున్నారు. మొదటి రెండు వారాలు వాళ్లు వరండా మెట్లమీదే కూర్చున్నారు. పైకి రమ్మంటే రాలేదు. అప్పుడు మేమే మెట్లమీదికి దిగి కూర్చున్నాం. భారతంలో దుర్యోధన వధ నేర్చుకుంటున్నాం. మట్టితో దుర్యోధనుణ్ని చెయ్యడంలో ఆ నలుగురి చెయ్యి పడితే చాలు, బొమ్మకు ప్రాణం వచ్చినట్టుంటుంది.

మా బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి. పద్మావతి వేషం ఇస్తామంటే వద్దంది. భీముడు కడతానంటుంది, గద కావాలంట. అయివోరికి ఇది మింగుడు పడలేదు. "ఆడబిడ్డ భీముడు కట్టేదేంది? భారతంలో ఆ పద్ధతి లేదు" అన్నాడు. "మగాయన ఎరుకలసాని కట్టే పద్ధతి ఉండాది గదా తాతా" అంది అది. ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయినాడు. రెండు వారాలుగా రాలేదు.

అవ్వ మాత్రం నిన్న ఈత బరిగెలు నానబెట్టమంది. బుట్టకు కాదంట. గద లోపల ఏదో ఒకటి అల్లి, పైన గుడ్డ చుడితే తేలిగ్గా ఉంటుంది, బిడ్డ చెయ్యి నొప్పి పుట్టదు అంటోంది. రేపు ఆదివారం మేము నలుగురం అయివోరి ఇంటికి పోతున్నాం. ఈసారి టీ ఆయన ఇంట్లో.